ముప్పై రెండు సెకన్ల జాగా

ఆ మాట చెప్పేటప్పుడు నరేశ్ కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, మోటార్‌సైకిల్ తాళాలు ఒక వేలి నుంచి ఇంకో వేలికి మార్చుకుంటూ చెప్పాడు.

"ఈసారి నువ్వు నేసుడు వద్దు తాతా. బండి మీద కుర్చీ ఏస్తం. దర్జాగ కూసో. శాలువ కప్పుతం."

రాజలింగం కండె చుడుతున్నాడు. రాట్నం చక్రం తిరుగుతూనే ఉంది, దారం అతని రెండు వేళ్ళ మధ్య నుంచి జారుతూనే ఉంది. నలభై ఏళ్ళు సూరత్ మరమగ్గాల మధ్య నిలబడి వచ్చిన చెవులు అవి. ఒక్కసారి చెబితే అందదు. నరేశ్ రెండోసారి గొంతు పెంచి చెప్పాడు. దారం అప్పుడూ ఆగలేదు గానీ, ముసలాయన తల మెల్లగా కిందికీ పైకీ కదిలింది.

ప్రతి రాఖీ పున్నమికి సూరత్‌లోని డిండోలి పద్మశాలీలు మార్కండేయుడి ఊరేగింపు తీస్తారు. అన్నిటికన్నా ముందు నడిచే బండి మీద ఒక చేతిమగ్గం ఉంటుంది. బండి కదలగానే నేత మొదలవుతుంది. గుడి చేరేలోగా ఒక కండువా పూర్తి కావాలి. ఆ రోజు దేవుడి భుజం మీదికి వెళ్ళేది అదే. పదకొండేళ్ళుగా ఆ కండువా నేస్తున్నది రాజలింగం.

"పోయినేడు ఫ్లైఓవర్ దిగేకాడ బండి ఎగిరి నువ్వు మగ్గం మీద పడ్డవ్. నుదురు పగిలింది, యాదున్నదా? ఈసారి ఏమన్న అయితే సమాజం అధ్యక్షున్ని నన్నే అడుగుతరు. కండువ తెప్పించిన, జరీ అంచుది, మస్తుగున్నది." నరేశ్ గోడవైపు కూర్చున్న దశరథాన్ని చూపించాడు. "మామ తన మిషన్ల నీ మగ్గం ఆవాజు పట్టుకుంటడు. మగ్గం అట్లనే బండి మీద ఉంటది, ఆవాజు స్పీకర్లకెళ్ళి వస్తది. ఎవరికీ తెల్వది. ఖాలీ ఆవాజు ఇయ్యి తాతా."

"ఆవాజా?" అన్నాడు రాజలింగం. చుట్టిన కండెను తొడ మీద పెట్టుకుని ఇంకోటి తీసుకున్నాడు. "ఇస్త తియ్."

నరేశ్ వెళ్తూ వెళ్తూ వంగి ముసలాయన మోకాళ్ళు ముట్టుకున్నాడు. బయట మోటార్‌సైకిల్ స్టార్టయి వెళ్ళిపోయేదాకా దశరథం తల ఎత్తలేదు. మగ్గం చప్పుడు రికార్డు చేయాలి రమ్మంటే వచ్చాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. పల్సానాలో నలభై ఎనిమిది మరమగ్గాలకు ఫిట్టరు. తొమ్మిదేళ్ళుగా ఊరేగింపులో బండి మీద ప్యాడ్లు వాయించేది కూడా అతనే.

ఒళ్ళోని సంచీ విప్పి మిషన్ తీశాడు. మైకుకు చేతిరుమాలు చుట్టి పోగును తట్టి బిగించే మగ్గం పలక పక్కన కట్టాడు. మగ్గం మీద పాత పడుగు, ఆ నిలువు పోగులు, జానెడు మిగిలి ఉంది.

"నాలుగు సెకన్లు చాలు కాకా!" ముసలాయన చెవి దగ్గర అరిచాడు.

"ఎంత?"

దశరథం నాలుగు వేళ్ళు చూపించాడు.

"నాలుగు గజాలా? అంత పడుగేదిరా?"

"గజాలు కాదు, సెకన్లు!"

రాజలింగం అతని మొహం వైపు కాసేపు చూసి, చప్పుడు లేకుండా నవ్వాడు. "నాలుగు సెకన్లకు దేవునికి గోచి గుడ్డ కూడ కాదు గదరా."

అరికాలు పిక్కకు తుడుచుకుని కాలి చెక్క మీద పెట్టాడు. పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది. దశరథం కిటికీ వైపు చూశాడు. ఏమీ అడగకముందే పక్కింటామె మిక్సీ ఆపేసి, దాని మూత మీద చెయ్యి అలాగే ఉంచుకుని నిలబడింది. రేకుల మీద వాన చుక్కలు సన్నబడ్డాయి. దశరథం బటన్ నొక్కాడు. అడ్డపోగు మోసే నాడెను రాజలింగం కుడి నుంచి విసిరాడు.

నాడె వెళ్ళింది. పలక తట్టింది. నాడె వచ్చింది. పలక తట్టింది.

నాలుగు సెకన్లు కాగానే దశరథం చెయ్యెత్తాడు. రాజలింగం చూడలేదు. నేస్తూనే ఉన్నాడు. మిగిలిన జానెడు పడుగూ అయిపోయి, ఇక పలక ముందుకు రావడానికి చోటు లేనంత దాకా నేశాడు. తర్వాత రెండు చేతులూ ముందున్న దూలం మీద ఆనించి, "చాలా?" అని అడిగాడు.

"చాలు కాకా," అన్నాడు దశరథం. పక్కింటామె ఇంకా మిక్సీ వేయలేదు.

ఆ మిషన్ దశరథం కూతురు హారతి కన్నా నాలుగేళ్ళు పెద్దది. ముంబైలో ఒక ఆర్కెస్ట్రా మనిషి అమ్మితే కొన్నాడు. ఎనిమిది రబ్బరు ప్యాడ్లు, అగ్గిపెట్టెంత పచ్చటి అద్దం, పక్కన ఫ్లాపీ పెట్టే చీలిక. ఏ చప్పుడు వినిపించినా పట్టుకుంటుంది. ప్యాడ్ మీద కొడితే తిరిగి పలుకుతుంది. కానీ దాని కడుపులో ఉన్న జాగా ముప్పై రెండు సెకన్లు. డోలయినా, శంఖమైనా, మనిషి గొంతయినా అన్నీ కలిపి అంతలోనే సర్దుకోవాలి. కుదుపుల బండిలో ఫ్లాపీ మార్చడం కుదరదు. కాబట్టి బయలుదేరేటప్పుడు ఏది నింపితే గుడి దాకా అదే.

"నా ఫోన్ల రెండొందల యాభై ఆరు జీబీ ఉన్నది బాపూ," అంది హారతి, చపాతీ పిండి పిసుకుతూ. బీకాం మూడో ఏడు. "ముప్పై రెండు సెకన్లకు ఇంత పరేషానా? బ్లూటూత్ లగా దో నా, బస్."

"పోయిన గణపతికి నీ ఫోనే పెట్టినం. దేవుని మంగళహారతి నడుమ ఏమొచ్చింది స్పీకర్లకెళ్ళి?"

ఆమె పిండి చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది. "ఆప్‌కా లోన్ అప్రూవ్ హో గయా హై."

"వెయ్యిమంది దండం పెట్టిండ్రు దానికి."

దశరథం క్యాలెండర్ కాగితం వెనక పెన్సిలుతో రాసుకుంటున్నాడు. డోలు రెండు సెకన్లు. తాశా డప్పు ఒకటిన్నర. తాళాలు, గంట. ఆడవాళ్ళు అందుకునే గోవింద పది. దెబ్బకు ముందు రెప్పపాటు ఖాళీ ఉన్నా అద్దంలో గీత పెట్టి కోస్తాడు. దెబ్బ తర్వాత మోత ఎక్కడ చెవికి అందకుండా పోతుందో అక్కడ ఇంకో గీత. అయితే గీత గీసినంత మాత్రాన జాగా రాదు. గీతకు అవతల ఉన్నదాన్ని పారేయమని మిషన్‌కు చెప్పాలి. అది ఒక్కసారే అడుగుతుంది. ఊఁ అంటే పోయినట్టే, ఇక తిరిగి రాదు.

శంఖం నాలుగు సెకన్లు తింటుంది. దానికి అతని దగ్గర ఒక ఉపాయం ఉంది. హారతి ఫోను అడిగి తీసుకుని, శంఖం రికార్డింగును రెండింతల వేగంతో పెట్టించాడు. అది దోమ పాటలా కీచుమంది. ఆ కీచును రెండు సెకన్లలో మిషన్‌లోకి పట్టాడు. తర్వాత మిషన్‌లో వేగం సగానికి దించి ప్యాడ్ కొట్టాడు. నాలుగు సెకన్ల శంఖం, పొడుగ్గా, కాస్త బొంగురుగా, వంటింటి గిన్నెలు అదిరేలా పలికింది.

హారతి చేతిలో పిండి ముద్ద ఆగిపోయింది. "అరే," అంది. దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "రెండే సెకన్ల జాగానా? ఇంకోసారి కొట్టు బాపూ."

కొట్టాడు. ఇంకోసారి అంది. పొయ్యి మీద పెనం మాడుతుంటే గాని లేవలేదు.

అన్నీ సర్దేసరికి ఇరవై ఆరు సెకన్లయ్యాయి. మగ్గానికి నాలుగు. రెండు మిగిలాయి. అప్పుడు నరేశ్ దగ్గర్నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. 'మామా, గిది జర ఎక్కియ్యి. ఐదు సెకన్లే.' తర్వాత గొంతు సవరించుకుని: 'సమాజ బంధువులందరికీ అధ్యక్షుడు నరేశ్ నమస్కారం.'

ఐదు. ఉన్నవి రెండు.

మగ్గం చప్పుడు మళ్ళీ పెట్టుకుని విన్నాడు. నాలుగు విసుర్లు. టక్ ఠప్, టక్ ఠప్, టక్ ఠప్, టక్ ఠప్. పగలంతా అతని చెవిలో మోగే మరమగ్గం నిమిషానికి నూట అరవై విసుర్లు విసురుతుంది; అందులో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీసి వినేదెవరు? అన్నీ ఒకటే కదా అనుకున్నాడు. మొదటి విసురు ఒక్కటి ఉంచి, దాన్నే మళ్ళీ మళ్ళీ పలికేలా పెట్టాడు. తొమ్మిది పదో వంతులు, అంటే సెకను కన్నా కాస్త తక్కువ. మిగతా మూడు విసుర్లు గీతకు అవతల పడ్డాయి. మిషన్ అడిగింది. ఊఁ అన్నాడు. నరేశ్ నమస్కారం చక్కగా పట్టింది. అంతా ఫ్లాపీలోకి ఎక్కించి, అంగీతో మిషన్ మీది పిండి తుడిచాడు.

గురువారం సాయంత్రం సమాజం హాల్లో ఆడవాళ్ళు పూలు గుచ్చుతున్నారు. ముప్పై మంది దాకా, చాపల మీద, బంతి రాసుల చుట్టూ. బయట రేకుల కింద బండి నిలబెట్టి ఉంది. పొద్దున్నే రాజలింగం ఇంటి నుంచి మగ్గం తెచ్చి దాని మీద బిగించారు. కొందరు పిల్లలు దాని చట్రానికి మెరుపు కాగితాలు చుడుతున్నారు. దశరథం స్పీకర్లకు తీగలు కలిపి, వరసగా ప్యాడ్లు కొట్టి చూపించాడు. డోలుకు పిల్లలు గంతులేశారు. శంఖానికి ఒకామె చెంపలు వేసుకుంది. తన నమస్కారానికి నరేశ్ కాలరు సర్దుకుంటూ కిందికి చూశాడు.

"ఇగ మగ్గం పెట్టు మామా."

దశరథం ఏడో ప్యాడ్ నొక్కి వదిలాడు. టక్ ఠప్. టక్ ఠప్. టక్ ఠప్. గడియారంలా సాగింది.

"ఏక్ నంబర్!" అన్నాడు నరేశ్.

మొదట వెంకటవ్వ సూది ఆగింది. డెబ్బై దాటిన మనిషి. సిరిసిల్లలో పదేళ్ళ వయసు నుంచీ కండెలు చుట్టి, తర్వాత భర్త లేని పూటల్లో తానే మగ్గంలో దిగిన మనిషి. ఆమె తల ఎత్తింది. ఆమె పక్కనున్న సంధ్యారాణి సూది ఆగింది. తర్వాత కిటికీ దగ్గరి ఇద్దరిదీ, గోడవారగా కూర్చున్న ఒకామెదీ. పడుచువాళ్ళు గుచ్చుతూనే ఉన్నారు, మాట్లాడుకుంటూనే ఉన్నారు. పెద్దవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే తలెత్తారు. ఎత్తిన తలలన్నీ ఎడమవైపే తిరిగి ఉన్నాయి. అక్కడ ఏమీ లేదు. ఖాళీ గోడ. ఎవరో రావాల్సినవాళ్ళు రాకపోతే గుమ్మం వైపు చూసినట్టు చూస్తున్నారు.

"పోతున్నది," అంది వెంకటవ్వ. "పోతనే ఉన్నది."

"ఏంది అవ్వా?"

"నాడె. కుడికెళ్ళి ఎడమకు పోతున్నది. మళ్ళ వస్తలేదు."

సంధ్యారాణి తలూపింది. "అందుకే నా కాళ్ళకు లెక్క తప్పుతున్నది. కుడి కాలు, కుడి కాలు, కుడి కాలు. ఎడమ కాలు ఏడ వోయింది?"

"ఎన్ని నాడెలు పెట్టినవ్ రా దశరథం ఆ పెట్టెల?" అని గోడవార ఆమె అడిగేసరికి అందరూ నవ్వారు.

"అవ్వా, ఖాలీ ఆవాజే గదా," అన్నాడు నరేశ్.

"ఆవాజే చెప్తున్న బిడ్డా. ఒక్క దిక్కే ఏస్తె బట్ట అయితదా? పోగు మీద పోగు నిలువది, అన్ని జారిపోతయ్. దేవునికి కప్పేటిది గదా."

దశరథం ఆపాడు. మళ్ళీ పెట్టాడు. ఈసారి అతనికీ వినిపించింది. విసురు చివర ఆ చిన్న 'ఠక్కు' నాడె చేరి ఆగే ఎడమ పెట్టె కొయ్యది. దాని వెంట కీచుమన్నది కుడి కాలి చెక్క. అటు నుంచి జవాబు రాకుండానే మళ్ళీ కుడి నుంచే మొదలు. నాడె వెళ్ళింది, వెళ్ళింది, వెళ్ళింది. నలభై ఎనిమిది మగ్గాల మోతలో ఏ మగ్గం బోల్టు వదులైందో గుమ్మంలోంచే చెప్పగలనని అతనికో గర్వం ఉండేది. ఈ ఆడవాళ్ళు చేతిమగ్గం చివరిసారి ముట్టుకుని ముప్పై ఏళ్ళు, నలభై ఏళ్ళు. ఒక్క సెకను కూడా నిండని చప్పుడులో ఏ కాలో, ఏ చెయ్యో, ఏ దిక్కో పట్టుకున్నారు. పట్టుకుని మళ్ళీ బంతిపూల మీదికి వంగారు, అదో పెద్ద పని కానట్టు.

"రేపు మళ్ళ రికార్డ్ చెయ్యి మామా," అన్నాడు నరేశ్. "ఒక్క సెకన్‌కు ఏం లొల్లి?"

"జాగా లేదు నరేశ్."

"ఏదన్న తీసెయ్యి."

దశరథం అతని వైపు చూసి, తీగలు చుట్టడం మొదలుపెట్టాడు.

శుక్రవారం పొద్దున్నే రాజలింగం ఇంటికి వెళ్ళాడు. మగ్గం ఉన్నచోట నేల మీద నాలుగు చదరపు మచ్చలు తెల్లగా ఉన్నాయి. ముసలాయన ఆ మచ్చలకు ఇవతల, అవి తొక్కకుండా కూర్చుని టీ తాగుతున్నాడు.

"తప్పయింది కాకా. పోయే నాడె ఒక్కటే ఉంచిన. వచ్చేది పారేసిన." చెవి దగ్గర చెప్పాడు. "మళ్ళ ఇయ్యాలె నువ్వు."

రాజలింగం తిట్టలేదు. ఇంత సేపు ఎందుకు పట్టిందన్నట్టు చూశాడంతే. "పడుగు లేదు గదరా మగ్గం మీద. మొన్ననే అయిపోయె."

"పడుగు లేకుండ ఇసిరితే?"

"ఉత్త కట్టె మీద ఉరుకుతది. కట్టె చప్పుడైతది. పోగుల మీద ఉరికితేనే నాడె చప్పుడు."

గ్లాసు కింద పెట్టి లేచాడు. పీట వేసుకుని, దశరథం పట్టుకోబోతే వద్దని, అటక మీది నుంచి పాత చీరలో చుట్టిన మూట దించాడు. విప్పితే తెల్లటి నూలు పడుగు. గంజి పెట్టి, ఆరబెట్టి, జడలా మెలివేసి ఉంది.

"ఎప్పుడు చేసినవ్ కాకా?"

"ఉగాదికి."

బుధవారం నరేశ్ గుమ్మంలో నిలబడ్డప్పుడు కూడా ఆ మూట ఇక్కడే, వాళ్ళ తలల మీదే ఉంది. దశరథం దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. పసిపిల్లంత బరువుంది.

మగ్గం అచ్చులో, ఆ దువ్వెన లాంటి చట్రంలో, పాత పడుగు కొసలు అలాగే వదిలేసి ఉంటాయి. కొత్త పడుగులో ఒక్కో పోగునూ పాత కొసతో కలిపి వేళ్ళతో నలిపి అతకాలి. వెంకటవ్వ ఇంటికి వెళ్ళి చెబితే ఆమె అడిగింది ఒకటే: "ఎన్ని పోగులు?"

"వెయ్యిన్ని నూటిరవై అంటున్నడు కాక."

"నలుగురం కూసుంటె పొద్దుమీకేసరికి అయితది. బూడిద నేను తెస్త."

నలుగురూ బండి మీదే కూర్చున్నారు. పైన ప్లాస్టిక్ పట్టా, దాని మీద వాన. చూపుడువేలికి బూడిద అద్దుకోవడం, రెండు కొసలు దగ్గరికి తేవడం, ఒక నలుపు, ఒక మడత, వదిలేయడం. వాళ్ళు వేళ్ళ వైపు చూడటం లేదు. కోడళ్ళ గురించి, డిండోలిలో కొత్తగా వచ్చిన కూరగాయల బండి వాడి తూకం గురించి మాట్లాడుకుంటుంటే, వేళ్ళు వాటంతటవే పోగు తర్వాత పోగు ఏరుకుంటూ పోతున్నాయి. ఎదురుగా రాజలింగం అతికిన పోగుల్ని అరచేత్తో సాపు చేస్తూ కూర్చున్నాడు. కాలేజీ నుంచి వచ్చిన హారతి తానూ కూర్చుంది. ఆమె అతికినవి లాగితే ఊడిపోయాయి.

"నీ వేళ్ళు ఫోను మీద రాసీ రాసీ మెత్తబడ్డయ్," అంది వెంకటవ్వ. "గట్టిగ నలుపు. నొప్పి పుట్టాలె."

"పుడుతున్నది అవ్వా."

"ఇంకా పుట్టాలె."

పదకొండోది నిలిచింది. హారతి దాన్ని మూడుసార్లు లాగి చూసుకుని తండ్రి వైపు చూసింది.

మధ్యాహ్నం నరేశ్ వచ్చాడు. బండి కింద గొడుగు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "ఇదంత ఒక్క సెకన్ ఆవాజుకా?"

"సెకన్ కంటె జర తక్కువ," అన్నాడు దశరథం.

ఫోను మోగితే నరేశ్ చూసి కట్ చేశాడు. వెళ్ళిపోయాడు. అరగంటకు ఖమన్ ఢోక్లా పొట్లాలతో తిరిగి వచ్చాడు.

"ఈడ పెట్టాల్నా అవ్వా?"

"చేతులకు బూడిదున్నది. నోట్లె పెట్టు," అంది వెంకటవ్వ, తల తిప్పకుండా నోరు తెరిచి.

నరేశ్ అటూ ఇటూ చూశాడు. గొడుగు మడిచి, బండి ఎక్కి, ఒక్కొక్కరికే ఒక్కో ముక్క నోట్లో పెట్టాడు. పచ్చిమిరపకాయ కావాలంటే అదీ. రాజలింగం దగ్గరికి వచ్చేసరికి ముక్కను చిన్నది చేశాడు, ముసలాయనకు పళ్ళు లేవని గుర్తొచ్చి.

ఆరు కాకముందే ఆఖరి పోగు అతికారు. దశరథం మైకు కట్టాడు.

"జాగా?" అన్నాడు నరేశ్.

"నీ నమస్కారం ఐదు సెకన్లున్నది. దాన్ని సగానికి దించి చూసిన. ఇను." శంఖానికి చేసినట్టే చేసిన నమస్కారం ఉన్న ప్యాడ్ కొట్టాడు. శంఖానికి నప్పిన బొంగురు మనిషి మాటకు నప్పలేదు. గాబులో తల పెట్టి మాట్లాడినట్టు, పొద్దుట్నించీ అన్నం తినని రాక్షసుడు మాట్లాడినట్టు నరేశ్ గొంతు స్పీకర్లలోంచి వచ్చింది. సంధ్యారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హారతి పెట్టుకోలేదు. నరేశ్ కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకునేంత.

"తీసెయ్యి మామా. నాకు నోరున్నది గదా."

రాజలింగం మగ్గంలో కూర్చున్నాడు. నాడె వెళ్ళింది, వచ్చింది. దశరథం రెండు విసుర్లనూ రెండు ప్యాడ్ల మీద పెట్టాడు, కుడిది కుడివైపు, ఎడమది ఎడమవైపు. ఆడవాళ్ళు విని తలలూపారు. ముసలాయనకు మాత్రం వినిపించదు. అతను దిగి వచ్చి స్పీకరు ముందు చతికిలబడి, దాని జాలీ మీద అరచెయ్యి ఆనించాడు. దశరథం కొట్టాడు. కుడి. ఎడమ. కుడి. ఎడమ. రాజలింగం కళ్ళు మూసుకున్నాడు.

"ఎడమ పెట్టెల తోలు వదులైంది," అన్నాడు.

లేచి వెళ్ళి మగ్గం ఎడమ పెట్టెలో వేలు పెట్టాడు. నాడె వచ్చి తగిలే చోట తోలుముక్క నిజంగానే ఒక దారమంత వదులుగా ఉంది. వేళ్ళతో నూలు తెంపి నాలుగు చుట్లు చుట్టి బిగించాడు. "ఇప్పుడు పట్టుకో."

దశరథం ఒకసారి తప్పు బటన్ నొక్కాడు. స్పీకర్లో వచ్చిన మోతను అరచేత్తో చదివి, మగ్గంలో దారమంత వదులు చెప్పిన మనిషి ముందు అతనికి తన మిషన్ ఒక్కసారిగా ఎంతో చిన్నదిగానూ, ఎంతో నమ్మకమైనదిగానూ కనిపించింది. ఆ వదులును కూడా అది దాచకుండా పట్టుకుంది కదా. మళ్ళీ రికార్డు చేశాడు.

ఇక చప్పుడు దొరికింది. నరేశ్ మగ్గం వైపు చూశాడు. తెల్లటి పడుగు దూలం నుంచి దూలానికి బిగువుగా, వాన వెలుగులో మెరుస్తూ ఉంది.

"ఆవాజు అయింది గదా," అన్నాడు మెల్లగా. "ఇగ..."

"పడుగు ఎక్కింది బిడ్డా," అంది వెంకటవ్వ, బూడిద చేతులు దులుపుకుంటూ. "ఎక్కినదాన్ని నెయ్యకుండ మనోళ్ళు దించరు. మీ సొంత తాతను అడుగుదువు, బతికుంటె."

"మళ్ళ పడితే?"

"నేను పక్కకే ఉంట," అన్నాడు దశరథం. "కాళ్ళు గుంజితే కాక ఆగుతడు, నేను కొడ్త. నేసేది ఆయన. అలిసినప్పుడు ఆవాజు ఆగకుండ చూసుడు నా పని."

నరేశ్ బండి చట్రం పట్టుకుని ఊపి చూశాడు. కూర్చునే పలక ఊపి చూశాడు. నడుముకు కట్టే పట్టా దొరుకుతుందా అని ఎవరినో అడిగాడు. తర్వాత డ్రైవరుకు ఫోను చేశాడు. "రేపు ఫ్లైఓవర్ మీదికెళ్ళి వద్దు. కింది రోడ్డుకెళ్ళి పోదాం, ఫస్ట్ గేర్ల. గంట లేటయితది. చాల్సే, నడుస్తది."

శనివారం ఊరేగింపు బయలుదేరేసరికి వాన తెరిపిచ్చింది. రాజలింగం నడుముకు రెండు వరసల పట్టా కట్టి ఉంది. మొదటి అరగంట అతను ఆపలేదు. కింది రోడ్డు మలుపులో మొదటిసారి పోగు తెగింది. అతను వంగి అతుకుతుంటే దశరథం చేతులు ప్యాడ్ల మీదికి వెళ్ళాయి. కుడి. ఎడమ. కుడి. ఎడమ. ముసలాయన మళ్ళీ అందుకోగానే చేతులు లేపాడు. అలా ఎన్నిసార్లో. మిషన్‌లో మళ్ళీ మళ్ళీ పలికేలా పెట్టి వదిలితే దానంతటదే పలికేది, కానీ దశరథం వదల్లేదు. ముసలాయన కాళ్ళు నెమ్మదిస్తుంటే తన చేతులూ నెమ్మదించాలి. తడి గాలికి నూలు బరువెక్కుతుంటే తన దెబ్బా బరువెక్కాలి. మధ్య మధ్య నరేశ్ మైకు పట్టుకుని తన నోటితో నమస్కారం చెప్పాడు. ఒకసారి పేరు చెప్పడం మరిచిపోయాడు.

గుడి ముందు బండి ఆగింది. పూజారి పళ్ళెం పట్టుకుని మెట్ల మీద ఉన్నాడు. కండువా ఇంకా జానెడు కావాలి. గంట ఆలస్యం అనుకున్నది గంటన్నర అయింది.

"ఆపండి అన్ని," అన్నాడు నరేశ్ మైకులో. వెనక బండ్ల మీది డోళ్ళు ఆగాయి. దశరథం స్పీకరు స్విచ్ తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

వీధి నిండా జనం. పాండేసర నుంచి, వడోద్ నుంచి, పల్సానా నుంచి సెలవు పెట్టి వచ్చినవాళ్ళు. పొద్దున లేచింది మొదలు మోతలోనే బతికి, ఒకరితో ఒకరు అరుచుకుని మాట్లాడటం అలవాటైనవాళ్ళు. వాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. స్పీకరు లేదు. వీధి ఆ చివరనున్నవాడికి కూడా వినిపించింది. నాడె వెళ్ళింది. వచ్చింది. వెళ్ళింది. వచ్చింది. ఆ చప్పుడు చేస్తున్న మనిషి ఒక్కడే దాన్ని వినలేడు. అతను కాళ్ళతో లెక్క చూసుకుంటూ, పెదవులు బిగించి, ఒక్కో పోగునూ ముందు పోగు పక్కన పడుకోబెడుతున్నాడు. దశరథం పక్కకు చూస్తే హారతి ఫోను పైకెత్తింది గానీ రికార్డు నొక్కలేదు. అలాగే చెయ్యి ఎత్తి నిలబడి ఉంది.

రాజలింగం ఆగాడు. నేసినంత మేర అరచేత్తో నిమిరాడు. తలెత్తి, చుట్టూ ఇంత నిశ్శబ్దం ఉందని తెలియక, గట్టిగా అడిగాడు.

"కత్తెర ఎవరి దగ్గరున్నది?"

ఎవరి దగ్గరా లేదు. రెడీమేడ్ కండువా కదా అని ఈ ఏడు ఎవరూ తేలేదు. వెయ్యిమంది నేతవాళ్ళు ఒకరి జేబులు ఒకరు తడుముకున్నారు. నరేశ్ మైకు దశరథం చేతిలో పెట్టి, బండి మీది నుంచి దూకి, పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, చెప్పులు లేని కాళ్ళతో బురద నీళ్ళలో మూలమీది టైలరు దుకాణం వైపు పరుగు తీశాడు.

రాజలింగం అతని వెనకే చూస్తూ దశరథం భుజం తట్టాడు.

"మెల్లగ పొమ్మనురా. జారి పడతడు."